పెదనాన్న మెత్త, పెద్దమ్మ చెయ్యి

మా పెద్దమ్మ దిండ్ల ఫ్యాక్టరీలో తనిఖీ మనిషి. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒకటే. బల్ల మీదికి వచ్చిన ప్రతి దిండునూ మూలల్లో, నడుమన నొక్కి, సరిగ్గా పైకి లేచిందో లేదో చూడటం. లేవని దిండు వెనక్కి వెళ్తుంది. ఇంట్లో మనుషుల దగ్గరా ఆమెది అదే పద్ధతి. ఎవరైనా ముడుచుకుని కూర్చుంటే ఓర్చుకోలేదు.

పెదనాన్న సిటీ బస్సు డ్రైవరు. ఒక వానరోజు సాయంత్రం సైకిలు మీద ఒక పిల్ల బస్సుకు అడ్డం వచ్చింది. సైకిలు నుజ్జునుజ్జయింది గానీ, పిల్ల మోచేతి మీద చిన్న గీరుడుతో బయటపడింది. పెదనాన్న మాత్రం ఆ రోజు నుంచి స్టీరింగు ముందు కూర్చోలేకపోయాడు. పొద్దస్తమానం కిటికీ పక్క కుర్చీలోనే ఉండేవాడు. పలకరిస్తే "ఊఁ" అనేవాడు, అదీ రెండోసారి అడిగితేనే.

డిపోవాళ్లు దయగలవాళ్లు. మనసు బాగోలేనివాడి దగ్గరికి మనిషిని పంపిస్తే ఏం గొప్ప? ఫోనులో యాప్ వేసిచ్చారు. అందులో ఒక ఆడగొంతు "ఈ రోజు మీకెలా ఉంది?" అని తేనెలు కార్చి, ఐదు మొహాల బొమ్మలు చూపించి ఒకటి ఎంచుకోమనేది. నాలుగో రోజుకి పెదనాన్న ఫోను బోర్లించి పెట్టాడు. ఆయనొక్కడే కాదట, వారం దాటితే ఎవరూ ఆ యాప్ మొహం చూడరట. పెద్ద చదువులవాళ్లు బుర్రలు బద్దలుకొట్టుకుని దానికో ఉపాయం కనిపెట్టారు. మనిషి చేతికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని!

అలా మా ఇంటికి అరచేతిలో ఇమిడే బూడిదరంగు మెత్త ఒకటి పార్సిల్లో వచ్చింది. పట్టుకుంటే వెచ్చబడుతుంది, ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతుంది, తగ్గుతుంది. దానితోపాటు మనమూ ఊపిరి తియ్యాలి, పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. మన నాడినీ చేతి వణుకునూ అది పసిగట్టి యాప్‌కి చేరవేస్తుంది. చాడీలు చెప్పే దిండన్నమాట.

ఎనిమిది వారాలు మానకుండా వాడితేనే ఉద్యోగం నిలుస్తుందని డిపో కాగితం పంపింది. పెదనాన్న మెత్తను ఒక్కసారి పట్టుకుని, "బతికున్నట్టుందే ఇది" అని కిటికీ గట్టు మీద పెట్టేశాడు. మళ్లీ ముట్టుకుంటే ఒట్టు.

పెద్దమ్మ దాన్ని తీసుకుని, అలవాటుకొద్దీ మూలమూలా నొక్కింది. "లోపల దూది కాదు, ఏదో నురుగు. కుట్టు మాత్రం బానే ఉంది" అని తీర్పు చెప్పింది. ఇక ఆ రోజు నుంచి డ్యూటీకి వెళ్లేముందు ఓసారి, రాగానే సంచి దించకుండా ఓసారి తానే పట్టుకుని కూర్చునేది.

"అది పెదనాన్న పట్టుకోవాలి కదా పెద్దమ్మా?" అన్నాను.

"ఆయన చెయ్యో నా చెయ్యో దానికేం తెలుస్తుందే? ఆయన బదులు కరెంటాఫీసు క్యూలో నేను నిలబడట్లా? ఇదీ అంతే."

యాప్ తెగ మురిసిపోయింది. ఒక్కపూట కూడా ఎగ్గొట్టని ఇలాంటి మహానుభావుణ్ని అది పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మొదట్లో తెర మీద ఎర్రగా ఎగిరెగిరిపడిన నాడి గీత, ఆరో వారానికి పచ్చబడి బుద్ధిగా నడిచింది. పెద్దమ్మ ఫోను తెచ్చి పెదనాన్న ముందు పెట్టింది. "చూడండి, ఎంత బాగైపోయారో!" ఆయన చూసి "ఊఁ" అన్నాడు.

ఎనిమిదో వారం శుక్రవారం యాప్ నుంచి పూలగుత్తి బొమ్మ, డిపో నుంచి ఉత్తరం ఒకేసారి వచ్చాయి. సోమవారం పొద్దున మొదటి ట్రిప్పు ఆయనదే. పెదనాన్న యూనిఫారం తీసి తొడుక్కోబోయాడు. చేతులు వణికి ఒక్క గుండీ కూడా పడలేదు. ఆ చేతుల్లోనే అరవై మంది ప్రాణాలు పెడతారు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నిజం చెబితే ఆయన ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే సోమవారం వచ్చేస్తుంది.

శనివారం పెద్దమ్మ పెదనాన్ననీ నన్నూ వెంటేసుకుని డిపోకి వెళ్లింది. ఎక్కడికని కూడా పెదనాన్న అడగలేదు.

సంక్షేమాధికారి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "రండి రండి! డిపో మొత్తానికి ఆదర్శం మీరు. నోటీసుబోర్డులో మీ పచ్చగీత పెట్టించాను."

"దాన్ని పీకించండి సార్" అంది పెద్దమ్మ. "ఆ మెత్త పట్టుకుంది ఆయన కాదు, నేను. ఆయన్ని బస్సెక్కించకండి."

అధికారి కూలబడ్డాడు. కంప్యూటరు కేసి చూసి, "మరి మొదటి వారాల్లో ఇదంతా ఎవరిదమ్మా? నాడి నూట పది. చెయ్యి ఆగకుండా వణుకు. వెంటనే డాక్టరుకు చూపించమని యాప్ రెండుసార్లు రాసింది" అన్నాడు.

"నాదే అయ్యుండాలి."

"ఎవరికీ చెప్పలేదా?"

"బాగోలేనిది ఆయనకి కదా సార్."

మెత్త పనితనానికి వంక లేదు. ఎవరూ అడగని మనిషిని బాగుచేసింది, అంతే. అధికారి సోమవారం డ్యూటీ కొట్టేసి, ఉద్యోగం సంగతి పైవాళ్లు తేలుస్తారన్నాడు. ఈసారి నిజమైన డాక్టరు దగ్గరికి చీటీ రాశాడు, ఆయనొక్కడికే. పెద్దమ్మ వాళ్ల ఉద్యోగి కాదు కాబట్టి ఆమె వణుకుకు వాళ్ల దగ్గర ఫారం లేదట.

ఆ చీటీ అందుకోకుండా పెదనాన్న పెద్దమ్మ వైపు తిరిగాడు.

"నూట పదా? ఎప్పట్నుంచే?"

మూడు నెలల్లో ఆయన తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ వానరోజు నుంచి. మీ బస్సుకు యాక్సిడెంటయిందని చెప్పారు గానీ, మీరు బతికున్నారో లేదో గంటసేపు ఎవరూ చెప్పలేదు."