మిరప చేతులు

మా అత్తమ్మ పోయిందని నేను స్కూల్లో పాఠం చెబుతుండగా ఫోన్ వచ్చింది. పొద్దున క్యారేజీ మూత రెండుసార్లు నొక్కి చూసి నా చేతికిచ్చిన మనిషి. ఆ క్యారేజీ నేనింకా విప్పనే లేదు. వాకిట్లో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందని మా ఆయన చెప్పారు.

ఆమెను తలుచుకుంటే గుంటూరు ఆసుపత్రిలో ఒక సాయంత్రమే ముందు గుర్తొస్తుంది. మా ఇద్దరికీ అదేమీ మంచి రోజు కాదు.

ఆ ఏడాది మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. స్కూలుకి సెలవని నేనూ వెళ్ళి, తెల్లబారిన తాలు కాయలు ఏరుతున్నాను. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కాయల మీద పట్టా కప్పుదామని పరిగెత్తిన అత్తమ్మ తాడు తట్టుకుని పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆ చేతులతోనే ఆమెను ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళాను. కాయలు ఏరిన చేతుల మంట సబ్బుకి ఓ పట్టాన పోదు. మా ఊళ్ళో పసిపిల్లల తల్లులందరికీ తెలిసిన సంగతే.

మర్నాడు నడుములో మత్తుసూది వేసి ఆపరేషన్ చేశారు. బాగానే అయింది. తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక అత్తమ్మ తన తొడ మీద తనే ఒకటి చరిచింది.

"ఇదెవరి కాలమ్మాయ్?"

"మీదే అత్తమ్మా."

"విరిగింది ఒకటి గదా. బాగున్న కాలు గూడా ఎందుకు చంపారు? నడుందాకా పూడ్చిపెట్టినట్టుంది నాకు."

మంచం దగ్గర ఒక్క ఆడమనిషినే ఉండనిచ్చారు. కల్లం దగ్గర ఎవరూ లేరని మా ఆయన వెళ్ళిపోయారు. కాసేపటికి ఆమె ముక్కు రుద్దుకోవడం మొదలుపెట్టింది. తర్వాత బుగ్గలు, మెడ. ఒక చేతికి సెలైన్ ఉంది. రెండో చెయ్యి చాలడం లేదు. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"ఇందాక నా మొహం ముట్టుకున్నావు గదూ?"

"కడుక్కునే ముట్టుకున్నాను."

"మిరప చేతులు! కళ్ళు పోతయ్యే నాకు! పో, మళ్ళీ కడుక్కో!"

కడుక్కున్నాను. మళ్ళీ పొమ్మంది. మళ్ళీ కడుక్కున్నాను. వార్డంతా నా చేతుల వంకే చూస్తోంది. కొబ్బరినూనె తెమ్మంటే తెచ్చాను. రాయబోతే మొహం తిప్పేసుకుని, పక్క మంచం దగ్గరున్నావిడ చేత రాయించుకుంది. నాకు ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. లేచి వెళ్దామంటే ఆమెకు కాళ్ళు రావు. నాకు కాళ్ళున్నా కదిలే వీల్లేదు. ఆ ఇరుకు మంచం దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండిపోయాం.

"నొప్పిగా ఉందా?" అని పక్క మంచం ఆవిడ అడిగింది.

"నొప్పయితే బాగుండును. నొప్పికి ఏడిస్తే అయ్యో అంటారు. దురదకి ఏడిస్తే నవ్వుతారు" అంది అత్తమ్మ.

సాయంత్రం మత్తు డాక్టరుగారు వచ్చి, నూనెతో మెరుస్తున్న ఆ మొహం చూసి నిజంగానే నవ్వారు.

"ఏంటమ్మా, పెళ్ళికూతుర్ని చేశారా?"

"మా కోడలు మిరప చేతులతో ముట్టుకుందయ్యా."

"కోడలు కాదమ్మా, నేను. నడుములో వేసిన మందులో కాస్త మార్ఫిన్ కలిపాను. కాళ్ళకి స్పర్శ వచ్చాక కూడా రేపటిదాకా నొప్పి తెలియనివ్వదు. కొంతమందికి దానివల్ల దురద వస్తుంది, ముక్కు దగ్గర మరీను. ముందే చెప్పాల్సింది. ఊపిరి నెమ్మదిస్తుందేమోనని నర్సు వచ్చి లేపి చూస్తుంటుంది, విసుక్కోమాక." దురద తగ్గడానికి ఇంజెక్షన్ చేయించి వెళ్ళారు.

అత్తమ్మ తప్పయిందనలేదు.

"తడిగుడ్డ తీసుకురా అమ్మాయ్. ముక్కు మీద రుద్దు. గట్టిగా."

రుద్దాను. కళ్ళు మూసుకుంది. అలా రుద్దుతుండగానే దుప్పటి కింద బొటనవేలు కదిలింది.

"కదిలిందత్తమ్మా, కాలు కదిలింది!"

"కదిల్తే కదిలింది. నువ్వు చెయ్యి ఆపమాక."

కర్ర లేకుండా నడిచిన ఆదివారం ఆమె చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు కాళ్ళు తిరిగిచ్చాడని చెప్పి కూర్చుంటుందనుకున్నాను. "మా కోడలి చేతుల మీద పదిమందిలో నింద వేశాను. ఆ చేతులే నా మొహం తుడిచినయ్యి" అని ఆ మాటా పదిమందిలోనే చెప్పి, నా వైపు చూడకుండా కూర్చుంది. ఇంటికొచ్చాక ఇద్దరం ఆ ఊసెత్తలేదు. కానీ ఆ తర్వాత ముక్కు దురద పుట్టినప్పుడల్లా "అమ్మాయ్, నీ చేతులేనా?" అని వంటింట్లోకి కేకేసేది. నాకు తల్లి లేదు. ఆ కేక నాకు చాలా ఇష్టంగా ఉండేది.

నేను ఇల్లు చేరేసరికి ఆమెను ఐస్ బాక్సులో పెట్టేశారు. చుట్టూ కూర్చుని పాటలు పాడుతున్నారు. అత్తమ్మ అలా కదలకుండా పడుకోవడం నేను ఆసుపత్రిలోనే చూశాను. అద్దానికి చెమ్మ పట్టి మొహం మసగ్గా ఉంది. పైటచెంగుతో తుడిచాను. ముక్కుకు ఎదురుగా మళ్ళీ తుడిచాను.

"చాల్లేమ్మా, కనపడుతుందిగా" అన్నారెవరో.

నేను చెయ్యి ఆపలేదు.