సార్ చూసినానన్న దీవి

మా ఆయనను ఆళ్లగడ్డలో అందరూ సార్ అనే పిలుస్తారు. నేనూ అంతే. పెళ్లైన కొత్తలో సిగ్గుకొద్దీ మొదలుపెట్టిన పిలుపు, ఇంతకాలమైనా నోట్లోంచి పోలేదు. ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాడు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నాకు కోపం తొందర, ఆయనకు మాట ఆలస్యం. అందుకే కాపురం నడిచిందని మా అత్త అనేది.

రిటైరైన మరుసటి నెలలో ఒక ఆదివారం, నంద్యాలలో చర్చి అయిపోయాక బస్సెక్కి ఇంటికి వస్తున్నాం. కిటికీలోంచి శనగ చేలు చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి "మే, నేనొక అబద్ధం చెప్పినా" అన్నాడు. ఈ వయసులో ఈ మనిషి ఏం బయటపెడతాడో దేవుడా అనుకున్నాను.

మొదటి ఉద్యోగం కోయిలకుంట్లలోనట. బోర్డు మీద సున్నా చుట్టి, చుట్టూ అలలు గీసి, నాలుగు పక్కలా నీళ్లుంటే దాన్ని దీవి అంటారని చెప్తుంటే, ముందు వరసలో ఒక పిల్ల లేచి "సార్, నువ్వు చూసినావా?" అని అడిగిందట. కొత్త అయ్యవారు. చూడలేదంటే పిల్లలు నవ్వుతారని భయపడి, "చూసినా. దీవిలో కొండెక్కి చూసినా. యాడ తిరిగినా నీళ్లే" అనేశాడట. ఆ పిల్ల కళ్లింత చేసుకుని నమ్మింది. ఇక అప్పటినుంచి ఏ ఊరికి బదిలీ అయినా, ఏటా బోర్డు ముందు నిలబడి అదే కొండ ఎక్కుతూ వచ్చాడు.

"ఇంతేనా!" అని నేను పగలబడి నవ్వాను. కండక్టరు కూడా తిరిగి చూశాడు. సార్ మాత్రం నవ్వలేదు.

"పిల్లోళ్లు నమ్మినారు మే. ముప్పై ఏండ్లు నమ్మించినా. ఒక్కసారి నిజంగా ఎక్కి చూడాల. లేకుంటే నాకు మనసు కుదుటపడదు."

వారం రోజులు ఎగతాళి చేశాను. ఎనిమిదో రోజు ఆయన అన్నం మధ్యలో లేచిపోతే నాకే పాపమనిపించింది. మిషన్ మీద దుప్పటి కప్పేసి, "పా సారూ, యాడికి పోవాల్నో చెప్పు" అన్నాను.

మద్రాసు దాకా రైలు, అక్కడినుంచి అండమాన్‌కు విమానం, దిగాక మళ్లీ పొద్దస్తమానం బస్సు. ఉత్తరం కొసన దిగ్లీపూర్ అనే ఊరు. ఆ దీవులన్నిటిలోకీ ఎత్తైన కొండ దాని దగ్గరే ఉంది. మాకు దారి చూపడానికి వచ్చిన గైడు తాతలు శ్రీకాకుళం వైపునుంచి వలసపోయారట. తెలుగు బాగా మాట్లాడాడు. ఫారెస్టువాళ్ల చెక్‌పోస్టులో పేర్లు రాయించి, తెల్లారీ తెల్లారకముందే బయల్దేరాం. మొదట చాలాదూరం సముద్రం ఒడ్డునే నడవాలి. ఆ తర్వాతే అడవి, కొండ.

సముద్రాన్ని అంత దగ్గరగా నేనూ అదే మొదటిసారి చూడటం. అబ్బ, ఎన్ని నీళ్లు! సార్ చెప్పులు చేతిలో పట్టుకుని ఇసకలో చిన్నపిల్లాడిలా గంతులేశాడు. "పడ్తావు, మెల్లగా!" అని అరుస్తూ నేనూ పరిగెత్తాను. అలలు ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఒడ్డుకూ అలలకూ మధ్య తడి ఇసకలో పెద్ద పెద్ద బండలు బయటపడి ఉన్నాయి.

ఇక్కడ నా తెలివి చెప్పాలి. మా పుట్టినూరు నల్లమల కిందే. చిన్నప్పుడు కట్టెలకు కొండెక్కేటప్పుడు సద్దిలో సగం కిందనే ఏదో ఒక బండ మీద పెట్టి, కోతులకు అందకుండా రాళ్లు కప్పిపోయేవాళ్లం. పైకి బరువు తప్పుతుంది, దిగి వచ్చేసరికి ఆకలికి తిండి ఉంటుంది. కొండల సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు! గైడు ముందు నడుస్తున్నాడు. నేను ఆ తడి ఇసకలోని ఒక పెద్ద బండ ఎక్కి, ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి ఉన్న సంచిని దాని నెత్తిన పెట్టి, నాలుగు రాళ్లు కప్పి వచ్చాను. సార్ నన్ను మెచ్చుకున్నాడు కూడా.

కొండ మాత్రం చంపింది. దారంతా వేర్లు, జారే మట్టి, పైనుంచి ఉక్క. ఆకుల్లోంచి జలగలు కాళ్లకు పట్టుకుంటే నేను పెట్టిన కేకలకు పిట్టలు లేచిపోయాయి. సార్ పది అడుగులకోసారి ఆగి చెట్టును కావలించుకుంటున్నాడు. "కోయిలకుంట్లలో ఒక్క నిమిషంలో ఎక్కినావు గదా, ఇప్పుడేందీ?" అంటే, రొప్పుతూనే నవ్వాడు. చేయి పట్టి నేను లాగాను, వెనకనుంచి గైడు నెట్టాడు. పెళ్లైనాక మేమిద్దరం అంతసేపు చేయి పట్టుకుని నడవడం అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషంగా ఉందో ఆయనకు చెప్పలేదు.

పైకి చేరాం. చుట్టూ చెట్లు, చెట్ల మీద మబ్బు. ఒక్క పక్క కొమ్మల సందులోంచి చాపంత సముద్రం నీలంగా కనిపించింది, అది కూడా కాసేపటికి తెల్లబడిపోయింది. సార్ నాలుగు దిక్కులూ తిరిగి చూశాడు. మళ్లీ తిరిగాడు. గైడు పాపం, "మబ్బు లేకపోయినా అంతే సార్. ఇది పెద్ద దీవి. ఎటు చూసినా కొండలే అడ్డం వస్తాయి" అన్నాడు.

ఆయన కండువాతో మొహం తుడుచుకుని "సరే, పోదాం పా" అన్నాడు. నాకు ఆ అడ్డం కొండల మీద ఒళ్లు మండిపోయింది. ఇంతదూరం వచ్చిన మనిషికి ఒక్క ఐదు నిమిషాలు ఓరగా జరిగితే వాటి సొమ్మేం పోయింది!

కిందికి వచ్చేసరికి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఒడ్డున ఎదురైన ఇంకో గైడుతో మావాడు మాటల్లో పడ్డాడు. మేం బండ దగ్గరికి పోయి, ఎక్కి, రాళ్లు తీశాం. సంచి భద్రంగా ఉంది. "చూసినావా నా తెలివి!" అన్నాను. సార్ మొహం దించుకునే రొట్టె విరిచాడు. ఆయనను ఎలాగైనా నవ్వించాలని మా ఊరి కబుర్లన్నీ చెప్పాను. రెండో రొట్టెకు కొంచెం తేరుకున్నాడు.

అప్పుడే ఒడ్డునుంచి గైడు కేక వినిపించింది. "అమ్మా! నీళ్లు! దిగండి!"

తిరిగి చూస్తే నా ప్రాణం పోయింది. మేం నడిచి వచ్చిన ఇసక లేదు. మాకూ ఒడ్డుకూ మధ్య సముద్రం వచ్చేసింది. మా కేసీ కాలువకు నీళ్లు వదిలితే ముందే ఊరంతటికీ తెలుస్తుంది. ఇది చెప్పకుండా చప్పుడు లేకుండా వచ్చింది.

"ఏంది సారూ ఇది? ఆటుపోట్ల పాఠం నువ్వే గదా చెప్పేటోడివి! యాడ పోయింది నీ చదువు?" అని లబలబలాడాను.

"మర్చిపోయినా మే" అన్నాడు.

గైడు నీళ్లలోకి దిగి మావైపు వస్తున్నాడు. మోకాళ్లు దాటలేదని చూశాక నాకు ఊపిరి ఆడింది. చెప్పులు సంచిలో కుక్కి, చీర ఎగ్గట్టి "లెయ్, తొందరగా దిగు" అన్నాను.

సార్ బండ మధ్యలో నిలబడి ఉన్నాడు. కుడికి చూశాడు. వెనక్కి తిరిగాడు. ఎడమకు తిరిగాడు. మళ్లీ ఒడ్డువైపు తిరిగాడు. నాలుగు పక్కలా నీళ్లే. రొట్టెముక్క చేతిలోనే ఉండిపోయింది. మొహమంతా నవ్వు, కళ్ల నిండా నీళ్లు. నాకు అప్పుడు అర్థమైంది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.

"సార్, ఇంకా పెరుగుతుంది, చేయివ్వండి" అన్నాడు గైడు బండ కిందినుంచి.

"ఒక్క నిమిషం ఉండప్పా" అన్నాడు సార్. "నేను దీన్ని చూసినానని చెప్పి ముప్పై ఏండ్లాయ."