రెండో తుమ్ము నాది

నా తుమ్మును ఒక సినిమా హాస్యనటుడు దొంగిలించాడు. దొంగిలించి, దాని మీద ఒక జీవితకాలం పేరు తెచ్చుకున్నాడు. ఇందులో అతిశయోక్తి లేదు, అక్షరం పొల్లు లేదు. ఇన్నేళ్లూ నేను కోరింది శాలువా కాదు, సన్మానం కాదు. "అవునయ్యా, ఆ రెండో తుమ్ము నీదే" అని అతని నోటినుంచి ఒక్క మాట. అంతే.

ఆ రోజుల్లో నవ్వడానికి ఇంత సదుపాయం ఉండేది కాదు. ఇప్పుడు మంచం మీద పడుకుని ఫోను మీద బొటనవేలు పైకి జరిపితే చాలు, ఒకడు పోయి ఇంకొకడు వచ్చి నవ్విస్తానని కూర్చుంటాడు. నవ్వించాడో లేదో వెనకాల ఎవరో నవ్వే చప్పుడును బట్టి మనం తెలుసుకోవాలి. అప్పుడలా కాదు. నవ్వాలంటే నాలుగు మైళ్లు నడిచి, ఇసకలో చతికిలబడి, ముందువాడి తలపాగా పక్కనుంచి తెరను వెతుక్కుని నవ్వాలి. అంత కష్టపడి వచ్చినవాడు నవ్వకుండా ఎలా తిరిగిపోతాడు? అందుకని హాస్యనటుడు తెర మీదికి రాగానే, ఇంకా నోరు తెరవకముందే జనం నవ్వేసేవాళ్లు. అది చూసి ఆ నటులంతా నిజంగానే తాము నవ్విస్తున్నామని అనుకున్నారు. (ఈ అభిప్రాయం నాకు పంతొమ్మిదో ఏట కలిగింది. మార్చుకోవలసిన అవసరం చాలాకాలం రాలేదు.)

ఐదో తరగతితో బడి నన్ను వదిలింది గాని చదువును నేను వదల్లేదు. పొట్లం విప్పితే బోండా కంటే ముందు కాగితం చదివేవాణ్ణి. నెల్లూరికి తూర్పున, సముద్రం ఒడ్డున, చేపల వేటకు పోయేవాళ్ల పాళెం ఒకటుంది. దాని పక్కన టూరింగ్ టాకీసు డేరా. అందులో నేను గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి, ఆట మొదలయ్యే ముందు మైకులో "తల్లులారా, తండ్రులారా" అని సినిమా గొప్పలు చెప్పేవాణ్ణి. డేరా యజమానిని అందరం మొదలాళి అని పిలిచేవాళ్లం. ప్రొజెక్టరు తిప్పే మనిషి నాకు ఆపరేటరన్న. ఆపరేటరన్నకు దేవుడు ఒక్కడే, ఆ దేవుడే నేను చెప్పబోయే హాస్యనటుడు.

అతని పేరు రాయను. రాస్తే ఇంకో నాలుగు రోజులు ఆ పేరే చలామణీ అవుతుంది. మా పాళెంలో అతన్ని హాచ్చిమామ అనేవాళ్లు. ప్రతి సినిమాలోనూ అతని పని ఒక్కటే. హీరో శుభమా అని బయలుదేరతాడు. ఈయన గుమ్మంలో నిలబడి, కళ్లు మూసి, ముక్కు ఎగబీల్చి, చెవులు వణికించి, డేరా కప్పు లేచిపోయేటట్టు ఒక్క తుమ్ము తుమ్ముతాడు. అదీ హాస్యం. దేశమంతా పడి పడి నవ్వింది.

"తుమ్మితే నవ్వేందన్నా? మా మేనత్త దినానికి ఇరవై తుమ్ములు తుమ్మతాది. ఆమెకు ఎవురూ దండలెయ్యలా," అన్నాను ఒకసారి.

"మీ మేనత్త తుమ్మితే జలుబు. ఆయన తుమ్మితే యాక్షను," అన్నాడు ఆపరేటరన్న. "టికెట్లు చింపేవాడివి, కళంటే నీకేం తెలుసబ్బయ్యా?"

ఇంకే ఊళ్లోనైనా ఈ తగాదా అక్కడితో ఆగేది. మాది వేట మీద బతికే పాళెం. తెల్లవారకముందే తెప్పలు సముద్రంలోకి నెట్టాలి. బయలుదేరే ముందు ఒంటి తుమ్ము చెవిన పడితే కాలు కదపరు. వెంటనే ఇంకోటి పడి జంట అయితే సరే, లేదంటే కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, మళ్లీ లేవాలి. హాచ్చిమామ తుమ్మింది ఒంటి తుమ్ము. అదీ డేరా మీద కట్టిన గొట్టం మైకుల్లోంచి. సినిమాకు వచ్చినవాడికే కాదు, ఇంటి ముందు వల బాగుచేసుకునేవాడికి కూడా వినబడింది. కొత్త సినిమా మొదటిరోజు తుమ్మాడు, మరునాడు మూడు వలలు చినిగాయి. రెండోరోజు తుమ్మాడు, మరునాడు ఒక్క తెప్ప కదల్లేదు. (సినిమా చూడటం మానేయొచ్చు గదా అని మీకు తోచవచ్చు. పాళెంలో ఎవరికీ తోచలేదు. అందులో పాటలు బాగున్నాయి.)

ఆ మధ్యాహ్నం ఊరిపెద్ద డేరాకు వచ్చాడు. ఆయన వెనక నలభై మంది. ఊరిపెద్ద నవ్వగా చూసినవాళ్లెవరూ అప్పటికి బతికి లేరని చెప్పుకునేవాళ్లు.

"మొదలాళీ, మనిషి తుమ్మితే నీళ్లు తాగి, కూసోని లేస్తాం. బొమ్మ తుమ్మితే ఎవురు తాగాల? మేమా, ఆ తెరగుడ్డా?"

"సామీ, అది హాస్యం గదా..." మొదలాళి నసిగాడు.

"హాస్యం నీకు. మాకు వేట. ఆ తుమ్మన్నా కోసెయ్, డేరా అన్నా పీకెయ్. పొద్దుగూకే లోపల చెప్పు."

కోయడానికి వీల్లేదు. ఫిల్ము పెట్టెతో పాటు కంపెనీ మనిషి ఒకడు, రిప్రజెంటేటివు, వచ్చి మా డేరాలోనే మకాం పెట్టి ఉన్నాడు. "జానెడు ఫిల్ము కోసినా నా ఉద్యోగం కోస్తారు," అని పెట్టె మీదే కూర్చున్నాడు. డేరా పీకితే నాకు గేటు లేదు, మైకు లేదు, బోండా పొట్లం లేదు. అప్పుడు, చదువుకున్నవాణ్ణి గనక, నాకు ఒక ఆలోచన వచ్చింది.

"తుమ్ము తీసెయ్యడమెందుకు మొదలాళీ? ఇంకోటి కలిపితే జంటై పోతాది గదా. ఆయన తుమ్మంగానే తెర ఎనకనుంచి మైకులో నేను తుమ్మతా."

మొదలాళి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు చదివింది అయిదేనా అబ్బయ్యా?"

పొద్దుగూకింది. పాళెం మొత్తం డేరాలోనే ఉంది. ఊరిపెద్ద ముందు వరసలో, తెరను కాదు, తెర కింద కనబడే నా పాదాలను చూస్తూ కూర్చున్నాడు. ఆపరేటరన్న అయిష్టంగా తన ముక్కుపొడుం డబ్బీ ఇచ్చాడు. హాచ్చిమామ గుమ్మంలోకి వచ్చాడు, చెవులు వణికించాడు, తుమ్మాడు. ఒక్కరూ నవ్వలేదు. డేరా అంతా ఊపిరి బిగబట్టింది. నేను చిటికెడు పొడుం ఎగబీల్చాను. తుమ్ము ముక్కు దూలం దాకా ఎక్కింది, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి దిగింది. ఇంకో చిటికెడు. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. తెర మీద హీరో ఊరు దాటాడు, బండి బోల్తా పడింది, పాట వచ్చింది, పాట పోయింది. నా కళ్లలో నీళ్లు తప్ప ఏమీ రాలేదు. చివరికి హీరో తల్లి మంచం పట్టింది. కొడుకు చెయ్యి పట్టుకుని, "ఇక నేను పోతున్నాను నాయనా" అంది. సరిగ్గా అప్పుడు, మైకు నోటికి ఆనించి ఉండగా, తలుపు సందులో తోక పడ్డ పిల్లికూన లాగా, "చిక్!"

ఆడవాళ్ల వైపునుంచి ఒక అవ్వ గొంతు లేచింది. "తుమ్ము పడిందమ్మో! ఇప్పుడు పోబాక తల్లీ, కాసేపు కూసోని పో!"

జంట చెయ్యబోతే ఇదీ మళ్లీ ఒంటి తుమ్మైపోయిందే అన్న భయంలో మైకులోనే అరిచాను. "జంటేనబ్బా, జంటే! ఇందాకటిదీ ఇదీ కలిపి జంటే!"

ఆ నవ్వును నేను వర్ణించలేను. డేరా గుంజలు ఊగాయి. పసిపిల్లలు జడుసుకుని ఏడ్చారు. తెర మీద తల్లి ప్రాణం వదిలిన సంగతి ఎవరూ గమనించలేదు.

ఆట విడిచాక విచారణ జరిగింది. "ఆలిశెంగా పడింది జంటెట్ట అయితాది?" అన్నాడు ఊరిపెద్ద. "అదీగాక ఒకటి మద్రాసు ముక్కు, ఒకటి ఈడి ముక్కు."

"పెద్దాయనా, పెండ్లికొడుకుది ఒక ఊరు, పెండ్లికూతురుది ఒక ఊరు. వాళ్లు జంట గాదా?" అన్నాను.

"మరి ఆలిశెం?"

"పిల్ల కుదరొద్దా సామీ!"

ఊరిపెద్ద మొహంలో ఎక్కడో, ఎన్నడూ వాడని ఒక కండరం కదిలింది. "తెప్పలు దించండిరా," అన్నాడు. మరునాడు వలల నిండా చందువ చేపలు పడ్డాయి.

అక్కణ్ణించి రోజూ తుమ్మాను. పొడుం లేకుండానే వచ్చేది. అతను తుమ్మాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి "చిక్", వెంటనే "జంటేనబ్బా, జంటే!" చుట్టుపక్కల పాళేల నుంచి నా తుమ్ము కోసం బండ్లు కట్టుకుని వచ్చారు. ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. హాచ్చిమామ తుమ్మినప్పుడు జనం నవ్వలేదు, భయపడ్డారు. నవ్వింది నా తుమ్ముకు. భయం అతనిది, నవ్వు నాది. ఇది తెర వెనక కూర్చుని, జనం నవ్వును ఎదురుగా విని, నిర్ధారణ చేసుకున్న విషయం. ఈ మాట ఆపరేటరన్నతో అంటే తన పొడుం డబ్బీ నా చేతిలోంచి లాక్కున్నాడు. అన్నీ చూస్తున్న రిప్రజెంటేటివు మాత్రం మూడోరోజు తెర వెనక్కి వచ్చి, "ఆ జంట అనే మాట ఇంకోసారి చెప్పవయ్యా," అని సిగరెట్టు పెట్టె మీద రాసుకున్నాడు. నేను, తెలివైనవాణ్ణి గదా, తప్పు రాసుకుంటాడేమోనని వత్తులతో సహా చెప్పాను.

ఎనిమిది నెలల తర్వాత అదే డేరాలో హాచ్చిమామ కొత్త సినిమా పడింది. గుమ్మంలోకి వచ్చాడు, చెవులు వణికించాడు, తుమ్మాడు. నేను అలవాటుగా లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. తెర మీదనుంచే "చిక్!" అని వినబడింది. ఆ తర్వాత అతను మావైపు తిరిగి, కన్ను గీటి, "జంటేనబ్బా, జంటే!" అన్నాడు. మద్రాసు మేడల్లో పుట్టిన మాటా అది? నేను గేటు వదిలేసి తెర ముందుకు పరిగెత్తి, "అది నాది! ఆ తుమ్ము నాది!" అని అరిచాను. అది కూడా సినిమాలో భాగమనుకుని జనం ఇంకా నవ్వారు. ఆపరేటరన్న కిటికీలోంచి తల బయటపెట్టి, "చూసినావా ఎంత బాగా చేసినాడో! నువ్వు గూడా నేర్చుకోబ్బయ్యా!" అన్నాడు.

ఆ మాట దేశమంతా పాకింది. తర్వాత నేను నెల్లూరు వచ్చి ప్రెస్సులో అక్షరాలు కూర్చే పనిలో చేరాను. అక్కడా "జంటేనబ్బా!" కూరగాయల మార్కెట్లో "జంటేనబ్బా!" నా పెళ్లిలో తలంబ్రాలు పోస్తుంటే బావమరిది వరసవాడు ఒకడు "జంటేనబ్బా, జంటే!" అని హాచ్చిమామ గొంతుతో అన్నాడు. పందిరి మొత్తం నవ్వింది. పెళ్లికొడుకు ఒక్కడే నవ్వలేదు. ఆ రోజే మా ఆవిడకు విషయమంతా చెప్పాను. ఆమె ఓపికగా విని, "మీ ముక్కుకు అంత సీను ల్యా," అంది. స్టూడియోకు రాశాను, సినిమా పత్రికలకు రాశాను, జవాబు లేదు. టీవీలో అతను కనబడితే వాకిట్లోకి వెళ్లి నిలబడేవాణ్ణి. వానలో కూడా.

మొన్నటి ఏడాది అల్లుడి ఫోనులో అతని ఇంటర్వ్యూ చూశాను. ముసలివాడయ్యాడు. యాంకరమ్మాయి, "ఆ రెండో తుమ్ము మీకు ఎలా తట్టింది సార్?" అని అడిగింది. అతను ఆకాశం వైపు చూసి, "దైవదత్తం తల్లీ," అన్నాడు. నేను చెయ్యి ఎత్తాను. "ఫోను అల్లుడిది. విసరాలంటే మీది ఏమన్నా విసరండి," అంది మా ఆవిడ.

నాది అంటూ మిగిలింది కలమే. ఆరు పేజీలు రాశాను. డేరా, ఒంటి తుమ్ము, పిల్లికూన, సిగరెట్టు పెట్టె, ఏదీ వదల్లేదు. చివర, "తమరు నిజంగా నవ్వించగలవారేనా, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి" అని అడిగి, ఆ ఛానెలు అడ్రసుకు పంపాను.

నాలుగు నెలలకు కవరు వచ్చింది. వణికే చేతిరాత. గేటు దగ్గరే నిలబడి విప్పాను. నాలోని ఆ పంతొమ్మిదేళ్ల టికెట్లు చింపేవాడు చొక్కా చేతులు మడిచి యుద్ధానికి సిద్ధంగా ఉన్నాడు. చదవడానికి మాత్రం కళ్లద్దాలు పెట్టుకున్న ఈ ముసలాయన కావలసి వచ్చాడు. చదివి, అరుగు మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాను. ఒక సినిమా హాస్యనటుడి వల్ల నేను నవ్వడం అదే మొదలు. పంతొమ్మిదేళ్లవాడు మొదట బిగుసుకున్నాడు గాని, పాపం, చివరికి వాడూ నవ్వాడు. మా ఆవిడ పరుగున వచ్చి, "ఏమైందండీ? ఏం రాసినాడు? పైకి చదవండి," అంది. చదివాను.

"అయ్యా, మీ ఉత్తరం చేరింది. ఆ రెండో తుమ్ము మీదే. మా మేకప్ గదిలో ఆ రిప్రజెంటేటివు మీలాగా తుమ్మి చూపిస్తే కుర్చీలోంచి కింద పడ్డాను. తెర మీద ఎన్నిసార్లు చేసినా నాకు అంత బాగా రాలేదు. ఇక మీరు అడిగినదానికి జవాబు. మొదటి తుమ్ము కూడా నాది కాదు. అది మా నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించిన పెద్దాయనది. పాపం, ఆయన ఎన్నడూ ఉత్తరం రాయలేదు. మొదటిది ఆయనకూ, రెండోది మీకూ ఇచ్చేస్తే, ఇక నాకు మిగిలేది నా మీసం ఒక్కటే. అది కంపెనీవాళ్లు అతికించింది."