మిద్దె మీది ఎండ ఎవరిది?

తిరువళ్లూరులో మా మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించినప్పటి నుంచి చుట్టాల్లో నేనో నిపుణుణ్ని. నాకొచ్చిన విద్యల్లా వారానికోసారి మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వాటి మీది దుమ్ము కడగడమే. అయినా శనివారం పొద్దున్నే పొదటూరుపేట నుంచి బావ ఫోను చేశాడు. "సాయంత్రం సోలార్ వాళ్లు కొలతలకి వస్తా ఉండారు. నువ్వొచ్చి మీ అక్కని ఒప్పించు." కాసేపటికి అక్క ఫోను. "నువ్వొచ్చి మీ బావని మాన్పించు."

వెంటనే తొమ్మిది గంటల లోకల్ ఎక్కాను. పది రూపాయల టికెట్టు, ఎండ పడే వైపు సీటు. ఎదురుగా జామకాయల గంపతో కూర్చున్నామె నా చెమట చూసి, "వెయిల్ ఫ్రీ సార్, బాగా ఎత్తుకోండి" అని ఎండని అరవంలో నాకు దానం చేసేసింది. అరక్కోణం పేరులోనే 'అర' ఉంది; అరగంట ఆపితే గానీ బండిని వదల్లేదు. తిరుత్తణిలో దిగి, రెండు చల్లారిన ఇడ్లీలు తిని, పొదటూరుపేట బస్సులో నిలబడి వెళ్లాను. చేరేసరికి ఒంట్లో కరెంటు లేదు. వాళ్లింట్లోనూ లేదు.

అక్క ఒకప్పుడు కాళ్లతో తొక్కి మగ్గం నేసేది. మోకాళ్లు అరిగాక బావ మోటారు మగ్గం పెట్టాడు. గంజి పెట్టిన తడి నూలు మోసుకెళ్లి మిద్దె మీద ఆరేసే పని మాత్రం ఇప్పటికీ అక్కదే.

"రాండి సోలార్ సామీ!" అన్నాడు బావ, కదలని మగ్గం ముందు కూర్చుని. "చూసినావా, మిన్సారం యాడ? చీర సగంలో నిలిచిపొయ్యింది. మీ అక్కని మళ్లా తొక్కమంటావా? పలకలు పెడితే ఈ కట్ పీడ పోతాది."

"మిద్దంతా పలకలు పరిస్తే నూలు యాడ ఆరేసేది? నీ నెత్తి మీదనా?" లోపల్నుంచి అక్క.

కరెంటుకు అరవంలో మిన్సారం అని పేరు. నా తెలుగు చెవికది మిన్ను సారం, అంటే ఆకాశం పిండిన రసం. బావ కూడా అలాగే నమ్మినట్టున్నాడు: మింట సూర్యుడుంటే చాలు, ఇంట కరెంటు ఉంటుందని.

నోరు విప్పక తప్పలేదు. "బిల్లు తగ్గుతాది బావా, అది నిజం. కానీ లైన్లో కరెంటు పోతే మా పలకలూ ఆగిపోతాయి. లైను బాగుచేసేవాళ్లకి షాక్ కొట్టకూడదని అట్లా పెట్టినారు. కట్‌లో కూడా మగ్గం ఆడాలంటే బ్యాటరీ ఉండాల. దానికి ఖర్చు వేరే, కొన్నేళ్లకి మళ్లా మార్చాల."

"ఎండుండి కూడా ఆగిపోతాదా?"

"ఎండుండి కూడా."

అక్క పకపకా నవ్వింది. "అయితే నీ సోలారూ గవర్నమెంటు ఉద్యోగే. పైనుంచి ఆర్డరు రాకుంటే పని చెయ్యదు!"

బావ నవ్వలేదు. మగ్గాన్ని చూశాడు, తర్వాత అక్క కాళ్లను. అక్క నవ్వు ఆగిపోయింది. కాసేపు నూలు చిక్కు తీస్తున్నట్టు వేళ్లు ఆడించి, "సగం మిద్దె తీసుకో" అనింది. "మగ్గానికి ఎంత కావాల్నో అంతే. బ్యాటరీతోనే పెట్టించు."

బావ లేచి నిలబడ్డాడు.

"ఉండు. తడి నూలు మెట్లెక్కించేది ఇంక నువ్వే."

"రోజూనా?"

"ఎండ రోజూ వస్తాది గదా!"

కొలతలవాళ్లు వచ్చేసరికి మిద్దెకు నడుమ తాడు కట్టి ఉంది. ఒక పక్క నూలు, ఒక పక్క ఖాళీ, మధ్యలో రొప్పుతూ బావ.

తిరుగు రైల్లో నిద్ర పట్టలేదు గానీ కళ్లు మూసుకున్నాను. జామకాయలామె అన్నది నిజమే, ఎండ ఫ్రీనే. కాకపోతే అది దిగడానికి మిద్దె కావాలి, మిద్దె ఎక్కడానికి మోకాళ్లు కావాలి. రేపు ఆదివారం. పలకలు కడగాలి.