ఎవరు పెట్టారో తెలియని ట్రెండు

బాన్సువాడలో బట్టల దుకాణం నడిపే నాకు ఇంగ్లీషు మాటలు మొత్తం పదకొండు వచ్చు. పది మాటలు మా బోర్డు మీద రాసి ఉన్నవే. పదకొండోది ట్రెండ్. ఆ పదీ కలిసి నెలల తరబడి అమ్మలేని సరుకును ఈ ఒక్కటి ఒక్క వారంలో అమ్మిపెట్టింది.

ఒకసారి చిలకపచ్చ చీరల మూట వచ్చి నా నెత్తిన పడింది. ఆ పచ్చదనం ఎంతటిదంటే, చీరను బయట వేలాడదీస్తే మేకలు దుకాణం మెట్లెక్కేవి. మూడు పండుగలు గడిచినా ఒక్క చీర కదలలేదు. ఒకనాడు తండా నుంచి వచ్చిన ఒకామె చీరను అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టబోతుంటే, "అక్కా, ఇప్పుడు గిదే ట్రెండ్" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"గట్లనా? మరి నాకెవ్వలు చెప్పలేదేంది?" అని తనకొకటి, చెల్లెలికొకటి, తోటికోడలికి కోపం రాకుండా ఇంకొకటి తీసుకుంది. వారం తిరిగేసరికి నస్రుల్లాబాద్ వెళ్లే షేర్ ఆటోల్లో చిలకలు తప్ప మనుషులు కనిపించలేదు.

అప్పటి నుంచి ఆ మాట మీద నాకు భక్తి కుదిరింది. నాకు అర్థమైనంతలో ట్రెండ్ అంటే పోయిన వారం పక్కింటివాళ్లు చేసింది, ఈ వారం మనం చేయకపోతే ఊరొదిలి పోవాల్సింది. ఫ్యాషన్ కూడా దాదాపు అదే గాని, ఫ్యాషన్‌ను తిట్టవచ్చు. "ఫ్యాషన్ ఎక్కువైంది పిల్లకు" అని ముసలివాళ్లు మెటికలు విరుస్తారు. ట్రెండ్‌ను తిట్టినవాళ్లు లేరు. వాన పడుతోంది, ట్రెండ్ నడుస్తోంది, అంతే. దాన్ని వాడే పద్ధతీ ఒకటుంది. ముందు "ఇప్పుడు" అనాలి, తరువాత "ట్రెండ్" అనాలి, ఆపైన నోరు మూసుకోవాలి. విత్తనాల దుకాణం ఆయన ఈ పద్ధతిలోనే సన్నవడ్లు అంటగడతాడు. కటింగ్ షాపాయన సగం ఊరికి చెవుల పైన వెంట్రుకలు లేకుండా చేశాడు. ఎవరు మొదలుపెట్టారని అడిగిన మనిషిని మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

ఇంతలో మా అక్క కూతురి పెళ్లి కుదిరింది. మా ఇళ్లల్లో పెళ్లికూతురికి నలుగు పెట్టడం ఎప్పుడూ ఉన్నదే. ఐదుగురు ముత్తైదువలు మరకలు పడతాయని పాత చీరలు కట్టుకుని వచ్చి, పసుపు రాసి, పాట పాడి, వాయినం తీసుకుని పోయేవారు. ఇప్పుడు దాని పేరు హల్దీ. పీట చుట్టూ బంతిపూల తెర, ఫొటోగ్రాఫరు, మరకలు పడటానికే కొత్త పసుపు చీరలు. ఆ చీరలకు మా అక్క, మేనకోడలు నా దుకాణానికే వచ్చారు. అందరికీ నిమ్మపండు రంగు తీసి, అక్క తనకు మాత్రం బూడిద రంగు చీర పక్కన పెట్టుకుంది.

బావ పోయి నాలుగేళ్లయింది. భర్త లేనివాళ్లు పెళ్లిపసుపు ముట్టుకోరాదని మా కట్టుబాటు. ఆ సంగతి మేనకోడలే ఎత్తింది.

"మామా, మా అమ్మకు సుత పసుపు చీర పెట్టు. అమ్మ చెయ్యి పడకుంటె నేను పీట మీద కూసోను."

"ఏం మాటలే అవి? నలుగురు నవ్వుతరు" అంది అక్క.

"నవ్వనీ. మామా, మా అవ్వను నువ్వే ఒప్పియ్యాలె."

అవ్వ అంటే మా అక్క అత్తగారు. ఆమె గొంతెత్తితే పెద్ద కొడప్‌గల్‌లో బర్రెలు చెవులు నిక్కబొడుచుకుంటాయి. ముప్పై ఏళ్ల కిందట భర్త పోయిన నాటి నుంచి కట్టుబాట్లన్నీ ఆమె కొంగుముడిలోనే ఉన్నాయి. అయినా నేను, "ఫికర్ చెయ్యకు బిడ్డా" అన్నాను. పసుపు చీర ఇంకొకటి కలిపి మూట కట్టాను.

"పులి నోట్ల తలకాయ పెట్టి ఫికర్ చెయ్యకు అంటవేంది?" అంది నా భార్య ఇంటికొచ్చాక.

హల్దీ నాడు అక్క వాకిలి ఎంత పచ్చగా ఉందంటే, కోటగిరి నుంచి తేనెటీగలు దారి తప్పి వచ్చాయని నా అనుమానం. నేను తెల్ల చొక్కా వేసుకున్నాను. మేనమామ కదా, వేరుగా కనిపించాలి. మేనకోడలు పీట మీద కూర్చుంది గాని, గిన్నె తెచ్చిన ముత్తైదువను ఆగమంది. అక్క వంటింటి గుమ్మం వెనుక నిలబడి ఉంది. పసుపు చీరే కట్టింది, దాని మీద పాత శాలువా కప్పింది. ఆ గిన్నెలోని పసుపు ఆమెదే. కొమ్ములు ఉడకబెట్టింది, ఎండబెట్టింది, గిర్నీలో పట్టించింది, పొద్దున్నే పాలలో కలిపింది. ఇక రాయడమొకటే తక్కువ.

మేనకోడలు నా వైపు చూసింది. నేను దూరంగా అరుగు మీద కూర్చున్న అవ్వ వైపు తిరిగి, చిలకపచ్చ చీరలమ్మిన గొంతుతోనే అన్నాను.

"అత్తా, ఇప్పుడు ట్రెండ్ ఏందంటె, మొదలు తల్లి చెయ్యి పడాలె."

అని పద్ధతి ప్రకారం నోరు మూసుకున్నాను. ముత్తైదువలు తలలూపారు. ఫొటోగ్రాఫరైతే కెమెరాను అప్పుడే గుమ్మం వైపు తిప్పాడు. అవ్వ మాత్రం కదలలేదు.

"ఎవ్వలు పెట్టిన్రు గా ట్రెండు?"

ఇన్నేళ్ల వ్యాపారంలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. నా పదకొండు ఇంగ్లీషు మాటలూ పారిపోయాయి, తెలుగు కూడా వాటి వెనకాలే పరుగెత్తింది.

"ఏ ఊరోళ్లు పెట్టిన్రయ్యా? జెప్పు, నేను పోయి అడుగుత."

"ఎవ్వలు పెట్టలే అత్తా" అన్నాను. "గిప్పుడే నేను పెట్టిన."

"బట్టలమ్ముకునేటోనివి, నువ్వు పెట్టుడేంది?"

"ఎవ్వలో ఒకలు పెట్టాలె గదా. కొమ్ములు ఎండబెట్టింది అక్కనే. పిల్లను గన్నది సుత అక్కనే. పెట్టేటప్పుడు గోడెనక నిలబడాల్నా?"

మేనకోడలు పీట మీది నుంచి సగం లేచింది. అవ్వ అరుగు దిగి మెల్లగా నా దగ్గరికి వచ్చింది. అంతసేపట్లో వరికోతలు పూర్తయి రెండో పంట నాట్లు కూడా పడి ఉంటాయి.

"నా బిడ్డ పెండ్లప్పుడు నేను బర్రెల కొట్టంల నిలబడ్డ" అంది చివరికి. ఆ గొంతు పక్కింటికి కూడా వినబడి ఉండదు. "పాట ఇనబడ్డది. పిల్ల మొఖం కనబడలే. గప్పుడు ఏడ వోయిందయ్యా నీ ట్రెండు?"

నేను ఆమె దారిలోంచి పక్కకు జరిగాను.

అవ్వ గుమ్మం వైపు తిరిగింది. "ఏందే, గట్లనే నిలబడ్తవా? గా శాలువ తీసెయ్, ఉడుకపోస్తలేదా? వచ్చి పెట్టు, పాలు ఇరుగుతయ్."

అక్క వచ్చింది. రెండు వేళ్లతో పసుపు తీసుకుని కూతురి చెంపకు రాసింది. ఒక చెంపకు రాసి ఆగిపోతే, మేనకోడలే రెండో చెంప తిప్పింది. నేను బంతిపూలు సర్దే పనిలో పడ్డాను. సర్దవలసినవేమీ లేవు.

"అవ్వా, నువ్వు సుత రా" అంది మేనకోడలు.

"నాకెందుకే ముసల్దానికి" అంటూనే అవ్వ గిన్నె అందుకుంది. రెండు వేళ్లు కాదు, పిడికెడు తీసింది. మనుమరాలి నుదురు, చెంపలు, గడ్డం అన్నీ నింపింది. మిగిలింది కోడలి చెంపకు రాసింది. ఇంకా మిగిలింది నా తెల్ల చొక్కాకు ముందూ వెనకా తుడిచింది.

"పొద్దున జెప్తె నేను సుత పసుపు చీర కడుదు గదా! గింత పెద్ద దుకాణం బెట్టుకోని నాకొక్క చీర తేలే?"

మరునాడు తెచ్చి ఇచ్చాను. పెళ్లిలో అదే కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది.

నెల తరువాత పక్క వీధి నుంచి ఒకామె హల్దీ చీరలకు వచ్చింది. పెళ్లికూతురి తల్లి చెల్లెలట. లెక్కపెట్టుకుని, "ఇంకొకటియ్యన్నా, మా అక్కకు" అంది. ఆ అక్కకు కూడా భర్త లేడు, నాకు తెలుసు. చీర మడతపెడుతుంటే ఆమే అంది.

"ఇప్పుడు గదే ట్రెండట గదా?"

"అవునమ్మా" అన్నాను. ఎవరు పెట్టారని ఆమె అడగలేదు.