మామ కంప్యూటర్, నా చెప్పులు

కాదు, చెప్పులతో గదిలోకి వెళ్తే కంప్యూటర్ పాడవదు. ఎన్నిసార్లు చెప్పినా మా మామ ఇప్పటికీ ఒప్పుకోడు. నిన్న ఎండలో నా ఫోన్ తెర నల్లగా కనిపించింది. వెలుగు పెంచగానే బతికింది. దాంతో పాత కోపం మళ్లీ రాజుకుంది.

ఎనభైల చివర్లో జహీరాబాద్‌లో మామ టైపు నేర్పేవాడు. కొత్తగా ఒక కంప్యూటర్ కొన్నాడు. దసరాకు దాన్ని శుభ్రంగా తుడిచి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేశాడు. మర్నాడు హైదరాబాద్ నుంచి దిగిన నేను దాన్ని చూడాలని చెప్పులతోనే లోపలికి పరిగెత్తాను. మామ స్విచ్ వేశాడు. పెట్టె గుర్రుమంది, తెర మాత్రం వెలగలేదు.

"పట్నంల గిదే నేర్పిన్రా? నీ చెప్పుల దుమ్ముకే ఖరాబైంది."

"పోరినెందుకంటున్రు? జర ఫ్యూజు చూడున్రి," అంది అత్త.

ఫ్యూజు బాగానే ఉంది. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టినా ఫలితం లేదు. నేనే దాన్ని చంపానని నమ్మి, ఏడుస్తూ మూడుసార్లు కాళ్లు కడుక్కున్నాను. ఆ తర్వాత ఆ గది గడప దాటలేదు.

నాలుగో రోజు మెకానిక్ వచ్చి తెర కింద చిన్న నాబ్ తిప్పాడు. అక్షరాలు మెరిశాయి.

"తుడిచేటప్పుడు ఇది తిరిగినట్టుంది సార్. వెలుగు మొత్తం తగ్గిపోయింది, అంతే."

మామ నావైపు చూడలేదు. "అయినా చెప్పులు బయటనే ఇడ్వాలె," అన్నాడు.

అంత ఇష్టంగా తెచ్చుకున్న వస్తువును తన చెయ్యే ఆపిందని ఒప్పుకోవడం ఆయనకు కష్టమే, ఇప్పుడు అర్థమవుతోంది. కానీ ఎనిమిదేళ్ల పిల్లతో "నీ తప్పు గాదు బిడ్డా" అనడం అంతకంటే కష్టమా?