కరక్కాయ పాలలో చిలక

పెడనలో ఏ కలంకారీ షెడ్డు ముందునుంచి వెళ్ళినా, కరక్కాయ పొడి కలిపిన గేదెపాల వగరు వాసనకి ఇప్పటికీ నా కాళ్ళు ఆగిపోతాయి. చిన్నప్పటి మా చిలక గుర్తొస్తుంది.

అది లోరికీట్ అనే రంగురంగుల చిలక. ఇరుకు పంజరంలో రెక్కల ఈకలు విరిగిపోయాయని బందరులో ఎవరో వద్దనుకుంటే మావయ్య మా ఇంటికి తెచ్చాడు. రోజూ ఒక విరిగిన ఈక రాలేది. అన్నీ రాలిపోతే చిలక చచ్చిపోతుందని నేను ఏడ్చేదాన్ని.

కరక్కాయ పాలలో తడిపితేనే బట్టకి రంగు నిలుస్తుందని అద్దకం పనిచేసే నాన్న చెప్పేవారు. ఈకలు కూడా నిలుస్తాయనుకుని ఒకరోజు చిలకని ఆ పాల తొట్టిలో ముంచేశాను.

వణికిపోతున్న దాన్ని నాన్న గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తువ్వాలులో పొదువుకుని ఎండలో కూర్చున్నారు.

"ఇదేమన్నా దుప్పటా అమ్మలూ? ఇంకా నయం, కాలవలో జాడించలేదు!"

ఆ సాయంత్రమే లైబ్రరీకి పరిగెత్తి పక్షుల పుస్తకం తీశాను. విరిగిన ఈక మళ్ళీ అతుక్కోదట. అది రాలితేనే ఆ చోట కొత్తది మొలుస్తుందట. నేను ఏడ్చి ఆపాలనుకున్నదే దానికి వైద్యం.

మర్నాడు పంజరంలో ఇంకో ఈక కనిపించింది.

"నాన్నా, మళ్ళీ రాలింది!" అని కేకపెట్టాను.

నన్ను ఓదార్చాలని అద్దకపు అచ్చు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చిన నాన్న, గంతులేస్తున్న నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు.